కెర్నిఘన్–రిచీ గ్రంథముపై పాఠకుల తీర్పులు

ప్రోగ్రామింగు భాషను క్రొత్తగా నేర్చుకొనగోరు వారి చేతికి అందించుటకై వ్రాయబడిన పుస్తకములు వేలకొలది కలవు; వానిలో పెక్కింటిని పదియేండ్లు తిరుగకముందే లోకము మఱచిపోయినది. వెలువడి నలువదేండ్లు గడచిన పిదపకూడ చదువరులచే నింకను చదువబడుచు, ప్రశంసింపబడుచు, అంతే తీవ్రతతో నిందింపబడుచున్న పుస్తకము మాత్రము ఒకటి కలదు. అది బ్రయన్ కెర్నిఘన్, డెన్నిస్ రిచీ అను నిరువురు రచించిన ‘ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’. 1978లో ప్రెంటిస్ హాల్ వారు ప్రకటించిన దాని మొదటి కూర్పు 228 పుటలు. 1988లో వచ్చిన రెండవ కూర్పు 272 పుటలు. గ్రంథకర్తల యింటిపేర్ల తొలి యక్షరములను బట్టి దానిని ‘కె అండ్ ఆర్’ అని పిలుచుట అందఱకు అలవాటైనది. ఇంతకంటె తేటగా ఒక భాషను బోధించిన పుస్తకము లేదని కొందఱందురు. మొదటి యధ్యాయమైనను ముగింపలేక ప్రక్కనబెట్టితిమని మఱికొందఱందురు. ఇరువురును నిజమే చెప్పుచున్నారనియు, ఆ రెండు నిజములకును మూలమైన కారణ మొకటి ఆ గ్రంథములోనే యున్నదనియు నా యభిప్రాయము.

కంప్యూటరుతో పరిచయము లేనివారి కొఱకు నాలుగు మాటలు ముందుగా చెప్పవలసియున్నది. యంత్రమునకు మనము చేయబంచు పనులను ఒక నియతమైన భాషలో వరుసగా వ్రాసిపెట్టుటయే ప్రోగ్రాము. అట్లు వ్రాసినదానిని యంత్రము గ్రహింపగల సంకేతములలోనికి మార్చునది కంపైలరు. సి అనునది అట్టి భాషలలో నొకటి. న్యూజెర్సీ రాష్ట్రమునందలి మర్రే హిల్‌లో బెల్ ల్యాబ్స్ అను ప్రఖ్యాత పరిశోధనశాల కలదు. అచ్చట డెన్నిస్ రిచీ 1970వ దశకపు తొలి సంవత్సరములలో ఈ భాషను రూపొందించెను. అంతకుముందు మార్టిన్ రిచర్డ్స్ నిర్మించిన బిసిపిఎల్ నుండి కెన్ థామ్సన్ బి అను భాషను తీయగా, ఆ బి నుండి సి పుట్టినది. 1973లో యూనిక్స్ అను నిర్వహణ వ్యవస్థను ఈ భాషలో తిరిగి వ్రాయుటతో దాని శక్తి యెట్టిదో తెలియవచ్చినది. నేడు మన జేబులలోని పెక్కు ఫోనుల యంతర్భాగమున పనిచేయుచున్న లినక్స్ అను నిర్వహణ వ్యవస్థయొక్క కెర్నెలు (మూలభాగము) సైతము ప్రధానముగ సి భాషలోనే వ్రాయబడినది. భాషానిర్మాణమున తనకు పాలు లేదనియు, అది పూర్తిగా రిచీ చేసిన పనియే యనియు కెర్నిఘన్ పలుమార్లు చెప్పియున్నాడు. అతని ప్రతిభ బోధించుటయందున్నది. 1972లో బి భాషకును, 1974లో సి భాషకును ఆ ప్రయోగశాలలోని సహోద్యోగుల కొఱకు అతడు చిన్న పాఠములు వ్రాసియుండెను. నేడు లోకమంతటను ప్రథమ పాఠముగ నిలిచిన ‘హెలో, వరల్డ్’ అను పలుకరింపు ఆ పాఠములలోనే మొదట కనబడినది. పుస్తకము వ్రాయుదమని కెర్నిఘన్ పట్టుబట్టి రిచీని ఒప్పించెను. భాషా నియమములను ఖండితముగ తెలుపు అనుబంధము రిచీ కలమునుండి వచ్చినది. 1989లో అమెరికా ప్రమాణసంస్థ సి భాషకు అధికారిక ప్రమాణమును నిర్ణయించువఱకు ఆ యనుబంధమే శాసనముగ చెల్లినది.

ఈ గ్రంథమును మెచ్చుకొనువారు మొదట చెప్పునది దాని సంక్షిప్తత. ఒక వాక్యములో చెప్పదగినదానిని ఆ రచయితలు రెండు వాక్యములలో చెప్పరు. చెప్పిన వాక్యమును తిరిగి చెప్పరు. అయితే సంక్షిప్తత ఒక్కటియే గుణమైనచో టెలిఫోను డైరెక్టరీని మించిన గ్రంథ ముండదు గదా! దీని గొప్పతనము ఉదాహరణములను ఎన్నుకొనుటలోను, వానిని పెంచుకొనుచు పోవుటలోను ఉన్నదని నేననుకొందును. మొదటి యధ్యాయమున ‘హెలో, వరల్డ్’ ముగియగనే ఫారెన్‌హీట్ డిగ్రీలను సెల్సియస్ డిగ్రీలకు మార్చు పట్టిక యొకటి వచ్చును. సున్న మొదలు 300 వఱకు ఇరువదేసి డిగ్రీల చొప్పున ఎక్కుచు, ప్రతి డిగ్రీకెదురుగ దాని సెల్సియస్ విలువను ముద్రింపవలెను. ముప్పదిరెండు తీసివేసి, తొమ్మిదింట అయిదు వంతులు చేయుటయే సూత్రమని మన పాఠశాలలలో తొమ్మిదవ తరగతి బాలుడును చెప్పగలడు. అయితే ఆ ప్రోగ్రాములో రచయితలు మొదట అయిదుచేత గుణించి, తరువాత తొమ్మిదిచేత భాగించిరి. 5/9 అని ముందుగా భాగింపలేదు. ఏలయన, పూర్ణాంకములతో లెక్కించునపుడు సి భాష భాగహారమున మిగిలిన భిన్నమును విసర్జించును. అయిదును తొమ్మిదిచే భాగింపగా వచ్చునది సున్న. సున్నచే దేనిని గుణించినను సున్నయే. పట్టికలోని ప్రతి యుష్ణోగ్రతయు సున్న డిగ్రీలని కనబడియుండెడిది.

ఈ యొక్క విషయమును బోధించుటకు మఱియొక గ్రంథకర్త యైనచో ‘పూర్ణాంక భాగహారము’ అను శీర్షికతో రెండు పుటల సిద్ధాంతమును వ్రాసి, చివర నొక యుదాహరణ మిచ్చియుండును. ఇచ్చట పాఠకునికి పని ముందు, కారణము వెనుక. అంతటితో ఆగక ఆ పట్టికలోని లోపమునుకూడ చూపుదురు: నూఱు ఫారెన్‌హీట్ డిగ్రీలకెదురుగ 37 అని వచ్చినది, నిజమైన విలువ 37.8కి సమీపము, సున్నకెదురుగ -17 అని వచ్చినది, కావలసినది -17.8. ఈ లోపమును సవరించుటకై దశాంశములతో కూడిన సంఖ్యలు ప్రవేశించును. పిమ్మట అదే పట్టికను మఱియొక రకపు లూపుతో, అనగా పనిని మఱల మఱల చేయించు నిర్మాణముతో, వ్రాయుదురు. పిమ్మట అంకెలకు పేర్లుపెట్టి వ్రాయుదురు. పట్టిక మాఱదు, దానిని వ్రాయు తీరు మాఱుచుండును. ఒక వస్తువునే నాలుగు రూపములలో చూచిన పాఠకుడు, ఏ రూపము ఎందుకు మేలో తనంతట తాను గ్రహించును. మంచి యుపాధ్యాయుడు తరగతిలో చేయునది ఇదియే. అక్షరములను లెక్కించుట, పంక్తులను లెక్కించుట, మాటలను లెక్కించుట, అన్నింటిలో పొడవైన పంక్తిని కనుగొనుట అను పనులు ఒకదాని భుజముమీద నొకటి ఎక్కి పెరుగుచు పోవుటయు ఇట్టి విధమే. ఇందలి యుదాహరణములను గ్రంథపాఠమునుండియే నేరుగా యంత్రమునకిచ్చి పరీక్షించితిమని రచయితలు తెలిపిరి. అచ్చుతప్పు పడిన ప్రోగ్రాముతో పెనగులాడిన విద్యార్థికి ఆ మాట విలువ తెలియును.

ఇక ఎదుటి పక్షము. తమకు ప్రోగ్రామింగు ఎంతమాత్రము రాదనియు, సులభమని ఎవరో చెప్పగా ఈ పుస్తకము కొంటిమనియు, ముప్పది పుటల తొలి యధ్యాయము ముగియునంతలో తమకు ఊపిరాడలేదనియు ఈ పక్షమువారు చెప్పుదురు. వీరికి సమాధానముగ ప్రశంసకులు గ్రంథపు ముందుమాటను చూపుదురు. ఇది ప్రోగ్రామింగునకు ప్రాథమిక వాచకము కాదనియు, చలరాశులు, లూపులు, ఫంక్షనులు (ఒక్కొక్క పనిని చేయు ప్రోగ్రాము ఖండములు) అను ప్రాథమిక భావములతో పాఠకునికి పరిచయ మున్నదని తలంచుచున్నామనియు రచయితలు అచ్చట స్పష్టముగనే హెచ్చరించిరి. అది నిజమేగాని, ఆ సమాధానముతో నాకు పూర్తి తృప్తి కలుగలేదు. ఎందుకన, ఆ ప్రాథమిక భావములు ఎఱిగినవారు సైతము కొందఱు ఈ గ్రంథమున చిక్కుకొనిరి. ఏమియు ఎఱుగనివారు కొందఱు సుఖముగ దాటిపోయిరి. కారణము మఱియొకచోట వెదుకవలెను.

ఆ కారణము మొదటి ప్రోగ్రాము క్రిందనే యున్నది. ‘హెలో, వరల్డ్’ ముద్రించుటలోని పెద్ద అవరోధము భాష కాదనియు, ఆ పాఠమును ఎచ్చటనో టైపుచేసి, కంపైలు చేసి, నడిపి, ఫలితము ఎచ్చట కనబడినదో కనుగొనుటయే అవరోధమనియు, ఆ యాంత్రికములైన సంగతులు చేతికి వచ్చినచో తక్కినది తేలికయే యనియు రచయితలు అచ్చట చెప్పుదురు. యూనిక్స్‌లో ఆ పనిని ఎట్లు చేయవలెనో రెండు మూడు వాక్యములలో తెలిపి, తక్కిన వ్యవస్థలలో పద్ధతి వేఱుగ నుండును గావున దగ్గఱనున్న తెలిసినవారిని అడుగుడని ముగింతురు.

దగ్గఱనున్న తెలిసినవారు! ఈ గ్రంథముయొక్క సమస్త గుణదోషములును ఆ యొక్క సలహాలో ఇమిడియున్నవి. మన యిండ్లలో పెద్దవారు వంటకమును వివరించునపుడు ‘ఉప్పు తగినంత’ అని యూరకుందురు. వినువారికి పొయ్యి దగ్గఱ నిలుచుండిన యలవాటున్నదని వారి విశ్వాసము. బెల్ ల్యాబ్స్‌లో నడవకు ఇరుప్రక్కల నున్న గదులలో యూనిక్స్‌ను నిర్మించినవారే కూర్చుండియుండిరి. సందేహము కలిగినవాడు నాలుగడుగులు నడచి తలుపు తట్టినచో చాలును. అట్టిచోట పుట్టిన గ్రంథము క్లుప్తముగ నుండగలదు, ఉండుటయే సొగసు. తెలిసిన మనిషి దగ్గఱనున్న పాఠకునికి అది నేటికిని క్లుప్తముగ, సొగసుగ కనబడుచున్నది. అట్టి మనిషి లేనివానికి అదే క్లుప్తత గోడవలె అడ్డుపడుచున్నది. పాఠకుల యభిప్రాయ భేదమునకు వారి బుద్ధి తారతమ్యముకాని, శ్రద్ధా తారతమ్యముకాని మూలము కాదని నేను గట్టిగ నమ్ముచున్నాను. చదువునపుడు వారి ప్రక్కన ఎవరైన ఉండిరా, లేరా అనునదే మూలము.

మన దేశమున సి భాష చదువు సాగిన తీరు చూచినచో ఈ సంగతి మఱింత స్పష్టమగును. ఇంజనీరింగు కళాశాలలలో సి పాఠ్యాంశముగ ప్రవేశించిన నాళ్లలో విద్యార్థుల చేతులలో ఎక్కువగ కనబడిన పుస్తకములు యశవంత్ కనేత్కర్ రచించిన ‘లెట్ అజ్ సి’, ఇ. బాలగురుస్వామి రచించిన ‘ప్రోగ్రామింగ్ ఇన్ ఆన్సి సి’. కెర్నిఘన్ పుస్తకముతో పోల్చినచో అవి పెద్దవి. చెప్పినదానిని మఱల చెప్పును. సాధించిన లెక్కలను వరుసగ చూపును. పాండిత్యముగలవారు కొందఱు వానిని చులకన చేయుదురుగాని, అది న్యాయము కాదు. తెలిసినవాడు దగ్గఱ లేని విద్యార్థికి ఆ తెలిసినవాని స్థానమున నిలుచుటకు ఆ పుస్తకములు ప్రయత్నించినవి. నిలుచుటకు పుటలు కావలెను. ఆ స్థానమునే హైదరాబాదులోని అమీర్‌పేట వీధులు మఱియొక విధమున పూరించినవి. మైత్రీవనము చుట్టుప్రక్కల భవనములలో అంతస్తు అంతస్తునకు వెలసిన శిక్షణ సంస్థలలో సి, డేటా స్ట్రక్చర్లు, జావా నేర్చుకొనుటకై శ్రీకాకుళము మొదలు ఆదిలాబాదు వఱకు గల జిల్లాలనుండి యువజనులు వచ్చి, హాస్టళ్లలో దిగి, తరగతి వ్రాతప్రతుల జిరాక్సులు కొనుక్కొని చదివిరి. వారు అచ్చట రుసుము చెల్లించి సంపాదించినది ఏమి? పుస్తకములు ఎచ్చటనైనను దొరకును. ‘సార్, ఇది ఎందుకు రావడం లేదు?’ అని అడుగుటకు ఎదుట ఒక మనిషి, తెలుగులో జవాబు చెప్పు మనిషి, వారికి అచ్చట దొరకెను.

అభ్యాసములనుగూర్చి పాఠకుల ఫిర్యాదు ఇట్టిదే. మొదటి యధ్యాయపు టంతమున, ఒక సి ప్రోగ్రామునుండి వ్యాఖ్యలన్నింటిని, అనగా చదువరుల కొఱకు వ్రాయబడి కంపైలరు విడిచిపెట్టు మాటలను, తొలగించు ప్రోగ్రామును వ్రాయుమని యొక యభ్యాసము కలదు. దాని వెంటనే, మఱియొక ప్రోగ్రాములో కుండలీకరణములు, ఉల్లేఖన చిహ్నములు సరిగ జతపడినవో లేవో పరీక్షించు ప్రోగ్రామును వ్రాయుమని మఱియొకటి కలదు. సంపూర్ణముగ చేయగోరినచో ఇది కష్టమని రచయితలే అచ్చట గుర్తుచేసిరి. ముప్పది పుటలు చదివినవానికి ఇంత పరీక్షయా యని కొందఱు నొచ్చుకొందురు. సమాధానములు పుస్తకమున లేవు. క్లోవిస్ టోండో, స్కాట్ గింపెల్ అనువారు ‘ది సి ఆన్సర్ బుక్’ అను పేరున వేఱుగ ప్రకటించిరి. నా మట్టుకు ఈ యభ్యాసములే గ్రంథమునకు ప్రాణమని చెప్పుదును. వ్యాఖ్యలను తొలగించు ప్రోగ్రామును వ్రాయబూనినవానికి, ఉల్లేఖన చిహ్నముల నడుమ వ్యాఖ్యవలె కనబడునది నిజమునకు వ్యాఖ్య కాదని మధ్యలో స్ఫురించును. అచ్చటినుండి అతడు మఱి తొలి పాఠకుడు కాడు. అయితే ఆ స్ఫురణ కలుగువఱకు సహనముతో ప్రక్కన కూర్చుండి, జవాబు చెప్పక, ప్రశ్న మాత్రము వేయగలవాడు ఒకడు కావలెను.

అయిదవ యధ్యాయమున ఫిర్యాదులు శిఖరమునందుకొనును. అందు బోధింపబడునది పాయింటరు. యంత్రపు మెమరీలో ప్రతి గడికిని ఒక చిరునామా కలదు; ఒక గడిలో విలువకు బదులుగ మఱియొక గడి చిరునామాను ఉంచినచో అది పాయింటరు. భావము ఇంతియే, వాడుక మాత్రము మిక్కిలి సూక్ష్మము. ఒక పదమును ఒకచోటినుండి మఱియొకచోటికి అక్షరము వెంబడి అక్షరముగ నకలు చేయుటను ఆ యధ్యాయమున రచయితలు మెట్టు మెట్టుగ కుదించి చూపుదురు. మొదట వరుస సంఖ్యతో అక్షరములను ఎత్తుకొను రూపము. తరువాత పాయింటర్లతో వ్రాసిన రూపము. తరువాత నకలు చేయుట, ముందునకు జరుగుట ఏకకాలమున సాగు రూపము. చివరకు లూపు శరీరమున చేయవలసిన పనియే మిగులక, నకలు, జరుగుట, పదాంతమును సూచించు సున్న వచ్చినదో లేదో పరీక్షించుట అనునవి మూడును ఒక్క పంక్తిలో ఇమిడిపోవు రూపము. ఆ చివరి పంక్తిని మొదటిసారి అర్థము చేసికొన్న క్షణమున కలుగు ఆనందము అసాధారణమైనది. తమకు సి భాష నిజముగ తెలిసినది ఆనాడే యని చెప్పువారు పెక్కుమంది. అర్థముకాని వారికో, అది తమకు సంబంధింపని ఒక రహస్య మంత్రముగ తోచును. నాలుగు గళ్లు గీసి, వానిలో అక్షరములు వ్రాసి, బాణము గుర్తును ఒక్కొక్క గడి జరుపుచు చూపినచో పాలిటెక్నిక్‌లో చేరిన తెలుగు మాధ్యమపు విద్యార్థియు దీనిని పావుగంటలో గ్రహించును. ఇది నేను చూచిన విషయము. పుస్తకమున పాయింటరు చిత్రములు లేకపోలేదుగాని, ఈ పంక్తి దగ్గఱ మాత్రము చిత్రము లేదు.

ఆ సుందరమైన పంక్తిపైననే ఇటీవలి పాఠకులు మోపు అభియోగము మఱియొకటి కలదు. దానిని తేలికగ త్రోసివేయరాదు. అక్షరములను చేర్చుకొనుచోట తగినంత స్థలమున్నదో లేదో ఆ పంక్తి చూచుకొనదు. స్థలము చాలకున్నను నకలు సాగుచునే యుండి, ప్రక్కనున్న మెమరీని చెఱిపివేయును. 1988 నవంబరులో ఇంటర్నెట్టుపై వ్యాపించి వేలకొలది యంత్రములను స్తంభింపజేసిన మోరిస్ వర్మ్ అను ప్రోగ్రాము ఎంచుకొన్న మార్గములలో ఇట్టి లోపమొకటి. హద్దు చూడక పంక్తిని చదువు గెట్స్ అను ఫంక్షను దానికి ద్వారమైనది. ఆ గెట్స్‌ను గ్రంథపు రెండవ కూర్పు ఇతర ఫంక్షనులతోపాటు మామూలుగనే వర్ణించినది. 2011 నాటి ప్రమాణము దానిని భాషనుండియే తొలగించినది. గ్రంథకర్తలు అజాగ్రత్తపరులని దీనివలన అర్థము కాదు. తమ ప్రోగ్రాములను తామును, తమ మిత్రులును వాడుకొను కాలమున వారు వ్రాసిరి. అపరిచితుడు దురుద్దేశముతో పంపిన పంక్తిని తమ ప్రోగ్రాము చదువవలసివచ్చుట ఆనాటి గదులలో నిత్యానుభవము కాదు. అయినను నేడు ఈ గ్రంథమును తొలి గ్రంథముగ ఒకరి చేతికిచ్చువారు ఈ హెచ్చరికను తమ నోట చెప్పి ఇయ్యవలెను, గ్రంథము చెప్పదు.

కాలగమనమువలన కలిగిన చిక్కు మఱియొకటి మొదటి ప్రోగ్రాములోనే కలదు. అందు మెయిన్ అను ఫంక్షనుకు ముందు, అది యెట్టి విలువను తిరిగి ఇచ్చునో తెలుపు మాటను రచయితలు వ్రాయలేదు. ఆనాటి నియమము ప్రకారము వ్రాయకున్నచో పూర్ణాంకమని భావింపబడెడిది. 1999 నాటి ప్రమాణము ఆ సౌకర్యమును రద్దుచేసినది. కావున పుస్తకమున నున్నది ఉన్నట్లు టైపుచేసిన నేటి విద్యార్థికి, కొత్త కంపైలరు హెచ్చరికనో దోషమునో చూపును. తప్పు తనదే యనుకొని అతడు కామాలను, కుండలీకరణములను పదేపదే సరిచూచుకొనును. తప్పు అచ్చట లేదు. ‘ముందు ఇంట్ అని చేర్చు’ అని ప్రక్కవాడు చెప్పినచో అరనిమిషములో తీరు బాధ ఒక సాయంకాలమును మ్రింగివేయును.

అందువలన ఒక పాఠకుని యభిప్రాయమును విన్నపుడు నేను మొదట తెలిసికొనగోరునది అతడు ఎచ్చట, ఎవరితో కూర్చుండి చదివెననునది. ఉద్యోగములో మఱియొక భాష తెలిసి, సందేహము తీర్చు సహోద్యోగులున్నవాడు మెచ్చుకొన్నచో, అట్టి స్థితిలోనున్న మఱియొకనికి ఆ మెప్పు ప్రమాణము. ఊరిలో ఒంటరిగ, సెకండ్‌హ్యాండు ప్రతితో మొదలిడిన బాలిక విసిగి మూసివేసితినన్నచో, అట్టి బాలికలకు ఆ మాటయే ప్రమాణము. మొదటివాని తీర్పును రెండవయామెకు వినిపించుట వలన ఇన్నేండ్లుగా మన కళాశాలలలో ఎందఱో ఈ విద్య తమకు అబ్బదని తమంతట తామే నిర్ణయించుకొని వెనుదిరిగిరి. నాకు బాధ కలిగించునది ఇది.

మన ప్రభుత్వ జూనియరు కళాశాలలలోను, పాలిటెక్నిక్కులలోను చేయదగిన పని కష్టమైనది కాదు. మొదటి రెండు వారములు ల్యాబులో ప్రతి వరుసకును పై తరగతి విద్యార్థి నొకనిని కూర్చుండబెట్టవచ్చును. జిసిసి వంటి ఉచిత కంపైలరును హెచ్చరికలన్నియు కనబడునట్లు అమర్చి, వచ్చిన ప్రతి హెచ్చరికకును తెలుగులో అర్థము వ్రాసిన కాగిత మొకటి గోడకు అంటింపవచ్చును. తొలి పుస్తకముగ కొంచెము పెద్దది, కొంచెము నెమ్మదియైనది ఇచ్చి, ఆరు మాసముల పిమ్మట కెర్నిఘన్–రిచీ గ్రంథమును అందించి, మొదటి యధ్యాయమును నాలుగు దినములలోను, అయిదవ యధ్యాయమును నాలుగు వారములలోను చదువుమని చెప్పవచ్చును. యూనిక్స్ వ్యవహారములతో కూడిన ఎనిమిదవ యధ్యాయమును అప్పటికి విడిచిపెట్టినను నష్టము లేదు. పాయింటర్లను బోధించు పుటల అంచులలో గళ్లు గీసి, బాణములు వేసి, తెలుగులో రెండేసి వాక్యములు వ్రాసియుంచిన ప్రతి యొకటి గ్రంథాలయమున ఉన్నచో, తరువాత వచ్చు సంవత్సరమువారు దానినే ముందుగా అడిగి తీసికొందురు.